రిమోట్‌కు ఇంటిపేరు నేర్పుదాం



ఈ రోజు మనం రిమోట్ గురించి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో ఎన్ని రిమోట్లు ఉన్నాయో ఒక్కసారి లెక్కపెట్టుకోండి. టీవీకి ఒకటి. సెట్ టాప్ బాక్సుకు ఒకటి. ఏసీ ఉంటే దానికొకటి. సౌండ్ బారో, హోమ్ థియేటరో కొనుక్కుంటే దానికీ ఒకటి. చాలావరకు అన్నీ నల్లగానే ఉంటాయి. దాదాపు ఒకే పొడవు. ఏది దేనిదో పిల్లలు చేతిలోకి తీసుకోగానే చెప్పేస్తారు. పెద్దవాళ్లకు మాత్రం రోజూ తికమకే.

ఒకప్పుడు ఇంత గొడవ లేదు. కేబుల్ వైరు తెచ్చి నేరుగా టీవీ వెనక గుచ్చేవారు. ఒక్క టీవీ రిమోట్‌తోనే అన్నీ నడిచేవి. తర్వాత డిష్‌లు వచ్చాయి. ఆ తర్వాత 2012 నుంచి 2017 దాకా విడతలవారీగా దేశమంతా కేబుల్ టీవీ డిజిటల్ అయింది. మన హైదరాబాదు, విశాఖపట్నం రెండో విడతలో ఉన్నాయి. వాటికి 2013 మార్చి 31 గడువు పెట్టారు. అలా కేబుల్ ఉన్న ప్రతి టీవీ పక్కనా ఒక బాక్సు చేరింది. బాక్సు వెంట రెండో రిమోట్ ఇంట్లోకి వచ్చింది. టీవీ పెట్టడానికి ఒకటి, చానల్ మార్చడానికి ఇంకొకటి. సౌండు దేంతో పెంచాలన్నది ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో తేలని ప్రశ్నే.

రిమోట్ పాడైతే ఇంకా ఇబ్బంది. బజారుకెళ్లి కొత్తది తెస్తాం. యూనివర్సల్ రిమోట్ అండీ, అన్ని టీవీలకూ పనిచేస్తుంది అంటాడు షాపతను. ఇంటికొచ్చి నొక్కితే టీవీ ఉలకదు, పలకదు. డబ్బులు దండగయ్యాయనుకుని ఆ రిమోట్‌ను అలమరలో పడేస్తాం. కానీ చాలాసార్లు ఆ రిమోట్ బాగానే ఉంటుంది. అది ఎవరితో మాట్లాడాలో మనం దానికి చెప్పి ఉండం. అదీ అసలు సంగతి.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. రిమోట్ ఎవరితో మాట్లాడాలో మనం దానికి చెప్పాలి. అది చెప్పడం తెలిస్తే ఒక్క రిమోట్‌తోనే రెండు మూడు పరికరాలు నడుపుకోవచ్చు. పిల్లలు దూరాన ఉద్యోగాల్లో ఉండి, ఇంట్లో ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు టీవీ కాలక్షేపం ఒక్కటే కాదు, మనిషి గొంతు వినపడే తోడు. రిమోట్ మొరాయించిందని ఆ తోడు ఆగిపోకూడదు. అందుకే ఈ ప్రసంగం.

ముందుగా రిమోట్ ఎలా మాట్లాడుతుందో చూద్దాం. రిమోట్ ముక్కు దగ్గర ఒక బుల్లి బల్బు ఉంటుంది. మీరు బటన్ నొక్కగానే అది వెలుగుతుంది. ఆ వెలుగు మన కంటికి కనపడదు. అది పరారుణ కాంతి. ఇన్‌ఫ్రారెడ్ అని కూడా వినే ఉంటారు. కంటికి కనపడకపోయినా ఫోన్ కెమెరాకు అది దొరుకుతుంది. ఫోన్‌లో కెమెరా తెరవండి. రిమోట్ ముక్కును కెమెరా వైపు తిప్పి ఏదో ఒక బటన్ నొక్కి పట్టుకోండి. ఫోన్ తెర మీద తెల్లగానో, లేత ఊదాగానో ఒక చుక్క మిణుకుమిణుకుమంటుంది. వెనక కెమెరాలో కనపడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. కొన్ని ఫోన్ల వెనక కెమెరాల్లో ఈ కాంతిని ఆపే ఫిల్టరు ఉంటుంది.

ఈ చిన్న పరీక్ష గుర్తుపెట్టుకోండి. చుక్క కనిపించిందా, రిమోట్ మాట్లాడుతోందన్నమాట. చుక్క కనపడలేదా, ముందు బ్యాటరీలు మార్చి చూడండి.

ఆ వెలుగు నిలకడగా వెలగదు. చాలా రిమోట్లలో సెకనుకు దాదాపు 38 వేల సార్లు వెలిగి ఆరుతుంది. ఎందుకంత వేగం? ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుంది. బల్బు వెలుగులోనూ ఉంటుంది. వాటన్నిటి మధ్య రిమోట్ వెలుగును టీవీ పోల్చుకోవాలి. అందుకని ఆ వేగంతో కొట్టుకునే వెలుగునే పట్టించుకుని, మిగతాదాన్ని వదిలేసేలా టీవీ కన్నును తయారుచేస్తారు.

సరే, వెలుగు టీవీకి చేరింది. అందులో ఏం చెబుతుంది? ఇక్కడ ఒక్క పోలిక చెబుతాను. పెళ్లివారింట్లో నిలబడి వెంకటేశ్వరరావు గారూ అని పిలవండి. నలుగురు తిరిగి చూస్తారు. ఇంటిపేరుతో కలిపి పిలవండి. ఒక్కరే పలుకుతారు. అప్పుడు ఆయనకు పని చెబుతాం. రిమోట్ చేసేదీ ఇదే. ప్రతి బటన్‌కూ ముందు ఇంటిపేరు చెబుతుంది. తర్వాత పని చెబుతుంది. ఫలానా టీవీ, సౌండు పెంచు. ఫలానా బాక్సు, చానల్ మార్చు. తన ఇంటిపేరు వినపడిన పరికరమే పలుకుతుంది. మిగతావి ఊరుకుంటాయి.

జపాన్‌కు చెందిన ఎన్ఈసీ కంపెనీ పద్ధతిని చూద్దాం. ఎన్నో పరికరాల్లో వాడే పద్ధతి ఇది. మొదట ఒక పొడుగు మెరుపు. సెకనును వెయ్యి భాగాలు చేస్తే అందులో తొమ్మిది భాగాలసేపు ఉంటుంది. ఇదిగో, వినండి అన్నట్టన్నమాట. తర్వాత కాసింత విరామం. తర్వాత పరికరం గుర్తు. మనం ఇంటిపేరు అనుకున్నది అదే. వెంటనే ఆ గుర్తునే తిరగేసి మళ్లీ చెబుతుంది. తర్వాత చేయాల్సిన పని. దాన్నీ తిరగేసి మళ్లీ చెబుతుంది. ఎందుకలా? మధ్యలో ఏదైనా అడ్డొచ్చి మాట చెడితే తెలిసిపోవాలని. చెప్పిందీ తిరగేసిందీ సరిపోతేనే పరికరం పని చేస్తుంది. ఇదంతా జరగడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు.

ఫిలిప్స్ కంపెనీ పద్ధతి వేరు. దాని పేరు ఆర్‌సీ ఫైవ్. అందులో వెలుగు సెకనుకు 36 వేల సార్లు కొట్టుకుంటుంది. మొత్తం 32 రకాల పరికరాలకు గుర్తులు ఉంటాయి. ఒక్కో పరికరానికి 64 పనులు చెప్పవచ్చు. అందులో టీవీ గుర్తు సున్నా. సోనీది మరో పద్ధతి. దాని వేగం 40 వేలు. ఇలా భాషలు వేరు, ఇంటిపేర్లు వేరు. అందుకే ఒకరి రిమోట్ మాట ఇంకొకరి టీవీకి ఎక్కదు.

రిమోట్ల చిక్కు మన ఒక్కరికే రాలేదు. అమెరికాలో షికాగోకు చెందిన జెనిత్ కంపెనీ 1950లో టీవీకి వైరుతో ఉన్న రిమోట్ తెచ్చింది. 1955లో ఆ కంపెనీలోనే యూజీన్ పోలీ వెలుగుతో నడిచే రిమోట్ చేశారు. ఎండ పడితే టీవీ తనంతట తానే చానల్ మార్చేది. మరుసటి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ మన చెవికి వినపడని శబ్దంతో నడిచే రిమోట్ తెచ్చారు. పరారుణ కాంతి రిమోట్లు వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. పరికరాలు పెరిగాయి, రిమోట్లు పెరిగాయి. ఆపిల్ కంపెనీ పెట్టినవారిలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ 1987లో వేరే కంపెనీ నుంచి ఒక రిమోట్ తెచ్చారు. మిగతా రిమోట్ల సంకేతాలను నేర్చుకుని తిరిగి చెప్పగల రిమోట్ అది. దాని పేరు కోర్. ఈ రోజు మన బాక్సు రిమోట్లలో ఎన్నో ఆ పనే చేస్తున్నాయి. అది మన ఇంట్లోనే ఉంది. మనం వాడుకోవడం లేదు.

ఇక అసలు పనిలోకి వద్దాం. రిమోట్‌కు ఇంటిపేరు నేర్పడానికి మూడు దారులున్నాయి. ఒకటి, అంకెలు నొక్కి చెప్పడం. రెండు, రిమోట్ చేతే వెతికించడం. మూడు, పాత రిమోట్ దగ్గర నేర్పించడం. మళ్లీ చెబుతున్నాను. చెప్పడం, వెతికించడం, నేర్పించడం. బటన్ల పేర్లు కంపెనీని బట్టి కొంచెం మారుతాయి. మీ రిమోట్‌తో వచ్చిన కాగితాన్ని పక్కన పెట్టుకోండి. పద్ధతి మాత్రం దాదాపు అన్నిట్లోనూ ఒకటే.

మొదటిది, అంకెలు చెప్పడం. యూనివర్సల్ రిమోట్ కొన్నప్పుడు అట్టపెట్టెలో ఒక మడత కాగితం ఉంటుంది. దాన్ని పారేయకండి. అందులో కంపెనీల పేర్లు, వాటి ఎదురుగా మూడంకెలో, నాలుగంకెలో ఉన్న కోడ్లు ఉంటాయి. ముందు టీవీని ఆన్ చేసి ఉంచండి. రిమోట్ పోయి ఉంటే టీవీకి ఉన్న బటన్‌తోనే ఆన్ చేయండి. చాలా టీవీలకు ఆ బటన్ అంచు కిందో, వెనకో, పక్కనో ఉంటుంది. రిమోట్ మీద టీవీ అని రాసిన బటన్ ఉంటే ముందు దాన్ని నొక్కండి. తర్వాత సెట్ అనో, సెటప్ అనో రాసిన బటన్‌ను నొక్కి పట్టుకోండి. రిమోట్ మీద ఎర్ర లైటు వెలిగి నిలబడుతుంది. అప్పుడు వేలు తీయండి. కాగితంలో చూసి అంకెలు ఒకటొకటిగా నొక్కండి. కోడు కుదిరితే లైటు ఆరిపోతుంది. కొన్నిట్లో రెండుసార్లు మిణుకుమని ఆరుతుంది.

ఒక కంపెనీ పేరు ఎదురుగా అయిదారు కోడ్లు ఉండొచ్చు. కంగారు పడకండి. ఆ కంపెనీ వేర్వేరు ఏళ్లలో వేర్వేరు సంకేతాలు వాడి ఉంటుంది. మొదటిది పనిచేయకపోతే రెండోది. అదీ కాకపోతే మూడోది. ఇక్కడ ఒక జాగ్రత్త. టీవీ ఆఫ్ అయింది కదా అని అక్కడితో ఆగకండి. సౌండు పెంచి చూడండి. మ్యూట్ చేసి చూడండి. మెనూ వస్తుందో లేదో చూడండి. కొన్ని కోడ్లతో ఒకటి రెండు బటన్లే పనిచేస్తాయి. అన్నీ పనిచేస్తేనే అది మీ టీవీ కోడు.

మీరు నొక్కిన ఆ అంకెలు టీవీకి వెళ్లవు. అవి రిమోట్‌కు మాత్రమే. ఫలానా భాషలో, ఫలానా ఇంటిపేరుతో పిలువు అని రిమోట్‌కు మనం చెప్పినట్టు. ఆ తర్వాత టీవీని పిలిచే పని అది చూసుకుంటుంది.

రెండోది, వెతికించడం. కాగితం పోయింది, కోడు తెలియదు. అప్పుడు ఇదే దారి. టీవీ ఆన్‌లో ఉండాలి. సెట్ బటన్ నొక్కి పట్టుకుంటే లైటు వెలుగుతుంది. రిమోట్‌ను టీవీకి ఎదురుగా పట్టుకుని పవర్ బటన్ నొక్కుతూ పోండి. నొక్కిన ప్రతిసారీ రిమోట్ తనకు తెలిసిన ఇంటిపేర్లలో ఒకదాన్ని పిలిచి, ఆఫ్ అవు అంటుంది. కొన్ని రిమోట్లు మీరు నొక్కకుండానే వరసగా పిలుస్తూ పోతాయి. ఎప్పుడైతే టీవీ ఆఫ్ అయిందో ఆ క్షణమే ఆపేయాలి. ఆలస్యం చేస్తే రిమోట్ తర్వాతి పేరుకు వెళ్లిపోతుంది. ఆపాక కాగితంలో చెప్పిన బటన్ నొక్కి ఆ కోడును నిలపాలి. ఈ పనికి ఓపిక కావాలి. పక్కన ఇంకొకరు కూర్చుని టీవీనే చూస్తూ, ఆరగానే ఆపు అని కేకేస్తే పని తేలికవుతుంది.

మూడోది, నేర్పించడం. నా దృష్టిలో మన ఇళ్లకు అన్నిటికంటే మంచి దారి ఇది. మీ సెట్ టాప్ బాక్సు రిమోట్ తీసి చూడండి. చాలా రిమోట్లలో పైభాగానో, కిందిభాగానో ఒక గీత గీసి, కొన్ని బటన్లు విడిగా పెట్టి ఉంటారు. పక్కన టీవీ అని రాసి ఉంటుంది. పవర్, సౌండు ప్లస్, సౌండు మైనస్, ఏవీ లేదా సోర్స్, సెట్. ఆ బటన్లు కొత్తలో ఖాళీ పలకల్లా ఉంటాయి. వాటికి ఏ మాటా తెలియదు. మీ టీవీ రిమోట్ దగ్గర అవి నేర్చుకోవాలి.

ఎలా నేర్పాలో నిదానంగా చెబుతాను. రెండు రిమోట్లనూ బల్ల మీద పెట్టండి. ముక్కుకు ముక్కు ఎదురుగా ఉండాలి. మధ్యలో రెండు వేళ్ల ఎడం చాలు. ఎత్తు తేడా ఉంటే పొట్టిదాని కింద కాగితం మడిచి పెట్టండి. ఎండ పడే కిటికీ పక్కన వద్దు. ట్యూబ్‌లైటు సరిగ్గా పైన ఉంటే ఆ కాసేపు ఆర్పేయండి. ఇప్పుడు బాక్సు రిమోట్ మీద సెట్ నొక్కి పట్టుకోండి. ఎర్ర లైటు వెలిగి నిలబడుతుంది. తర్వాత అదే రిమోట్ మీద టీవీ పవర్ బటన్ నొక్కి వదలండి. లైటు మిణుకుమంటుంది. నేను సిద్ధం, చెప్పండి అని అర్థం. ఇప్పుడు ఎదురుగా ఉన్న టీవీ రిమోట్ మీద పవర్ బటన్ నొక్కండి. లైటు గబగబా మిణుకుమని మళ్లీ నిలబడుతుంది. నేర్చుకున్నాను అని అర్థం. తర్వాత సౌండు ప్లస్. ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి. తర్వాత సౌండు మైనస్. ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి. అన్నీ అయ్యాక సెట్ మళ్లీ ఒకసారి నొక్కండి. లైటు ఆరిపోతుంది. పని పూర్తయింది.

ఇక టీవీ రిమోట్ పక్కన పెట్టేయొచ్చు. బాక్సు రిమోట్‌తోనే టీవీ వెలుగుతుంది, చానల్ మారుతుంది, సౌండు పెరుగుతుంది. ఈ పద్ధతికి కోడు అక్కర్లేదు. కాగితం అక్కర్లేదు. టీవీ రిమోట్ వెలుగుతో మాట్లాడేదైతే, టీవీ ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. ఎదురు రిమోట్ వెలుగు ఎలా కొట్టుకుంటే అలాగే ఇది గుర్తుపెట్టుకుంటుంది.

కానీ దీనికి ఒక్కటి కావాలి. పాత రిమోట్ పనిచేస్తూ ఉండాలి. అది చచ్చిపోయాక నేర్పేవారే ఉండరు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. టీవీ రిమోట్ బాగున్నప్పుడే బాక్సు రిమోట్‌కు నేర్పించుకోండి. బటన్లు అరిగి, రెండుసార్లు నొక్కితే ఒకసారి పలుకుతున్నదంటే ఇక ఆలస్యం చేయకండి.

ఇప్పుడు ఒకే రిమోట్‌తో నాలుగు పరికరాలు నడిపేవారి సంగతి. ఆ రిమోట్ల పైవరసలో టీవీ, ఎస్‌టీబీ, డీవీడీ, ఆక్స్ అని బటన్లు ఉంటాయి. ఎస్‌టీబీ అంటే సెట్ టాప్ బాక్సు. ఆక్స్ అంటే ఇంకేదైనా పరికరం. ఒక్కో బటన్ కింద ఒక్కో ఇంటిపేరు దాగి ఉంటుంది. టీవీ నొక్కి నేర్పిన కోడు టీవీ కింద ఉంటుంది. ఎస్‌టీబీ నొక్కి నేర్పింది ఎస్‌టీబీ కింద ఉంటుంది. అందువల్ల ముందు ఎవరితో మాట్లాడాలో నొక్కి, తర్వాత పని నొక్కాలి. ఈ వరస గుర్తుంచుకోండి. ముందు పరికరం, తర్వాత పని.

రిమోట్ పాడైందని షాపుకు తీసుకెళ్లేముందు ఒక్క పని చేయండి. టీవీ అని రాసిన బటన్ ఒకసారి నొక్కి చూడండి. పిల్లల చేతిలోనో, పడుకున్నప్పుడు భుజం కిందో డీవీడీ బటన్ నొక్కుకుపోయి ఉంటుంది. అప్పటినుంచి రిమోట్ ఇంట్లో లేని డీవీడీని పిలుస్తూ ఉంటుంది. టీవీ పలకకపోవడంలో వింతేముంది?

సౌండు విషయం కూడా చెప్పుకుందాం. టీవీకి ఒక సౌండు ఉంటుంది, బాక్సుకు ఇంకో సౌండు ఉంటుంది. ఒకరు బాక్సు సౌండు తగ్గిస్తారు. ఇంకొకరు టీవీ సౌండు పైకంటా పెంచుతారు. ఎంత పెంచినా మాట సరిగ్గా వినపడదు. బాక్సు సౌండును బాగా పైన పెట్టి, దాన్ని అక్కడే వదిలేయండి. పెంచినా తగ్గించినా టీవీ సౌండుతోనే చేయండి. ఇంటిల్లిపాదీ ఈ ఒక్క నియమం పాటిస్తే సగం గొడవ తీరుతుంది.

పవర్ బటన్ దగ్గర ఇంకో తికమక ఉంది. చాలా పరికరాలకు ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకే బటన్. ఒక్క నొక్కుతో టీవీనీ బాక్సునూ కలిపి నడిపేలా పెట్టుకున్నామనుకోండి. ఏదో ఒకటి ముందే ఆన్‌లో ఉంటే, నొక్కగానే ఒకటి వెలిగి ఇంకొకటి ఆరుతుంది. అప్పుడు రిమోట్‌ను తిట్టుకోకండి. ఒకదాన్ని దాని బటన్‌తోనే ఆన్ చేసి రెండింటినీ సమానం చేయండి. ఆ తర్వాత రెండూ కలిసి నడుస్తాయి.

ఒకే గదిలో ఒకే కంపెనీ టీవీలు రెండు ఉంటే రెండూ ఒకేసారి పలకొచ్చు. అందులో తప్పేమీ లేదు. ఇంటిపేరు కంపెనీని, మోడల్‌ను బట్టి ఉంటుంది. మీ టీవీ ఒక్కదానికే ప్రత్యేకంగా ఇచ్చింది కాదు.

ఏసీ రిమోట్ తీరు వేరు. టీవీ రిమోట్ ఒక్క మాటే చెబుతుంది. సౌండు పెంచు, అంతే. ఏసీ రిమోట్ ఏ బటన్ నొక్కినా మొత్తం సంగతులన్నీ ఒకేసారి చెబుతుంది. ఆన్‌లో ఉండు, కూలింగ్‌లో ఉండు, 24 డిగ్రీలు, ఫ్యాను ఇంత వేగం, రెక్కలు ఇలా ఊపు. అందుకే ఏసీ రిమోట్‌కు చిన్న తెర ఉంటుంది. లెక్కంతా రిమోట్ దగ్గరే ఉంటుంది. వేరే వైపు తిరిగి నొక్కితే రిమోట్ తెర మీద అంకె మారుతుంది, ఏసీ మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది. ఏసీ వైపు తిప్పి ఇంకోసారి నొక్కితే రెండూ కలుస్తాయి.

ఏసీల కోసం విడిగా యూనివర్సల్ రిమోట్లు అమ్ముతారు. అట్ట మీద వెయ్యి ఇన్ వన్ అని రాసి ఉంటుంది. వాటిలోనూ వెతికించే పద్ధతే. సెట్ బటన్ నొక్కి పట్టుకుంటే తెర మీద అంకెలు ఒకటొకటిగా మారుతుంటాయి. ఏసీ బీప్ మని పలికి, రెక్కలు తెరుచుకోగానే వేలు తీసేయండి. తర్వాత ఉష్ణోగ్రత పెంచి, తగ్గించి చూడండి. అదీ సరిపోతేనే కోడు కుదిరినట్టు. ఒకవేళ బాక్సు రిమోట్‌లోని నేర్చుకునే బటన్‌కు ఏసీ మాట నేర్పాలనుకుంటే ఒక సంగతి గమనించండి. ఏసీ సందేశం పొడుగు. కొన్ని చవక రిమోట్లకు అది పట్టదు. పడితే మాత్రం ఆ ఒక్క బటన్ 24 డిగ్రీల దగ్గర ఏసీని ఆన్ చేసే బటన్‌గా ఉండిపోతుంది. తెర మీద చిన్న అంకెలు కనపడని పెద్దవాళ్లకు అది ఎంతో సుఖం.

అన్ని రిమోట్లూ వెలుగుతో మాట్లాడవు. కొన్ని స్మార్ట్ టీవీల రిమోట్లు, టీవీ వెనక గుచ్చే స్టిక్‌ల రిమోట్లు బ్లూటూత్‌తో మాట్లాడతాయి. మన మామూలు యూనివర్సల్ రిమోట్ వాటిని పిలవలేదు. ఏది ఏ రకమో తెలుసుకోవడం తేలిక. రిమోట్ ముక్కును అరచేత్తో పూర్తిగా మూసి బటన్ నొక్కండి. పరికరం పలకలేదంటే అది వెలుగు రిమోట్. మూసినా పలికిందంటే అది రేడియో తరంగాల రిమోట్. కొన్నిట్లో రెండూ ఉంటాయి. స్టిక్ రిమోట్‌లో మిగతా బటన్లన్నీ బ్లూటూత్‌తో నడిచినా, టీవీ సౌండు బటన్లు మాత్రం వెలుగుతో నడవొచ్చు.

చూపు లేని శ్రోతలకు ఒక మాట. అంకెలున్న రిమోట్లలో చాలావాటికి అయిదు అంకె మీద చిన్న బుడిపె ఉంటుంది. వేలితో తడిమితే తగులుతుంది. దాని పైన రెండు, కింద ఎనిమిది, ఎడమన నాలుగు, కుడివైపు ఆరు. ఆ బుడిపె ఆధారంగా కోడు మీరే నొక్కుకోవచ్చు. లైటు సంగతి చూసి చెప్పడానికి పక్కన ఒకరుంటే చాలు.

ఇక నేర్పిందాన్ని కాపాడుకోవడం. కొన్ని రిమోట్లు బ్యాటరీలు తీసేసినా నేర్చుకున్నది మరచిపోవు. కొన్ని మరచిపోతాయి. అందుకని బ్యాటరీలు మార్చేటప్పుడు కొత్తవి ముందే చేతిలో పెట్టుకోండి. వెంటనే వేయండి. రెండూ కలిపే మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేయకండి. నెలల తరబడి ఊరెళ్తుంటే బ్యాటరీలు తీసి పెట్టండి. లోపల కారితే స్ప్రింగులకు తుప్పు పట్టి రిమోట్ చెడుతుంది. తీశాక మళ్లీ కోడు పెట్టుకోవాల్సి వస్తే ఏం చేయాలి? కోడు రాసి ఉంచుకోవాలి. చిన్న కాగితం ముక్క మీద టీవీ, ఈ కోడు, బాక్సు, ఈ కోడు అని రాయండి. రిమోట్ వెనక పెట్టి పైన టేపు అంటించండి. కోడు నొక్కే వరసను కూడా రెండు ముక్కల్లో రాసి ఉంచితే ఇంకా మంచిది.

ఇంతవరకు చెప్పుకున్నది ఒకసారి గుర్తుచేసుకుందాం. ప్రతి పరికరానికీ ఒక ఇంటిపేరు ఉంటుంది. దాన్ని రిమోట్‌కు మనం నేర్పాలి. మూడు దారులున్నాయి. అంకెలతో చెప్పడం, రిమోట్ చేత వెతికించడం, పాత రిమోట్ దగ్గర నేర్పించడం. నేర్పాక అన్ని బటన్లూ నొక్కి చూడాలి. కోడు రాసి వెనక అంటించాలి. వాడేటప్పుడు ముందు పరికరం, తర్వాత పని.

చివరిగా యువకులకు నా విన్నపం. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల దగ్గర, తాతయ్య నాయనమ్మల దగ్గర ఒక్క పావుగంట కూర్చోండి. టీవీ రిమోట్, బాక్సు రిమోట్ ఎదురెదురుగా పెట్టి నేర్పించండి. మీరే చేసేసి లేచిపోకండి. వాళ్ల చేతే చేయించండి. ఒకసారి తప్పినా, రెండోసారి వాళ్లకే వస్తుంది. ఆ తర్వాత రిమోట్ మొరాయించినప్పుడు వాళ్లు మీ ఫోను కోసం ఎదురుచూడరు. తమ టీవీని తామే పెట్టుకుంటారు. పెద్దవాళ్లూ, మీరు కూడా అడగడానికి మొహమాటపడకండి. పాత రిమోట్ పనిచేస్తుండగానే ఈ పని ముగించుకోండి.